జీపీయూ గొప్పదా, సీపీయూ గొప్పదా? ప్రశ్నే తప్పు అన్నారు హైదరాబాద్ వాళ్లు

(వీడియో ఎపిసోడ్‌కి రాతరూపం. మాట్లాడిన తీరు అలాగే ఉంచి, రెండోసారి వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

నరసరావుపేటలోనో మాచర్లలోనో ఉండే పిల్లాడు బీటెక్‌లో కంప్యూటర్స్ సీటు రాగానే ఇంట్లో అడిగేది లాప్‌టాప్. మామూలుది కాదు, "గ్రాఫిక్స్ కార్డు ఉన్నదే కావాలి నాన్నా, అది లేకపోతే ఏఐ నేర్చుకోలేను" అంటాడు. కార్డు ఉన్నదానికీ లేనిదానికీ ధరలో తేడా వేలల్లో ఉంటుంది. ఆ డబ్బు మిర్చి అమ్మిన దాంట్లోంచి తీయాలి. ఆ ఏడు రేటు పడిపోయిందనుకోండి, అప్పు తేవాలి. అంటే మనం ఇప్పుడు మాట్లాడుకోబోయే సీపీయూ, జీపీయూ గొడవ వెనక ఒక ఇంటి లెక్క ఉంది.

ఇదే గొడవ పదిహేనేళ్ల కింద పెద్ద పెద్ద కంపెనీల సైంటిస్టుల మధ్యా నడిచింది. దానికి ఒక మంచి జవాబు వచ్చింది మన హైదరాబాద్ నుంచే. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ నుంచి. ఆ కథ చెప్తాను.

ముందు రెండు ముక్కల్లో ఈ రెండూ ఏంటో చూద్దాం. మిర్చి కల్లం గుర్తు తెచ్చుకోండి. కాయ ఎండింది, కుప్ప పోశారు, తాలు కాయ ఏరాలి. ముప్పై మంది వరసగా కూర్చుంటారు. అందరిదీ ఒకటే పని. ఎర్రగా ఉన్న కాయ ఇటు, తెల్లబారిన కాయ అటు. పక్కమనిషి ఎంతవరకు చేసిందో చూడక్కర్లేదు. మనుషులు పెరిగితే పని ఆ మేరకు తొందరగా అవుతుంది. జీపీయూ ఇలాంటిది. చిన్న చిన్న పనివాళ్లు వందల్లో, వేలల్లో ఉంటారు, అందరూ ఒకే రకం పని ఒకేసారి చేస్తారు.

అదే కల్లంలో రైతు తలలో నడిచే పని ఇంకోటి ఉంది. మబ్బు పట్టింది, పట్టాలు కప్పాలా? సరుకు ఈ వారమే గుంటూరు యార్డుకి వేయాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? లారీ బాడుగ ఎంతకి ఒప్పుకోవాలి? ఒకటి తేలితే గానీ రెండోది తేలదు. ఇక్కడ ముప్పై మందిని కూర్చోబెట్టినా పని ముప్పై రెట్లు తొందరగా అవ్వదు. ఇది సీపీయూ. కోర్లు నాలుగో ఆరో ఎనిమిదో ఉంటాయి కానీ ఒక్కో కోరు బాగా తెలివైనది.

ఇలా వేరే వేరే రకాల ప్రాసెసర్లు కలిసి ఒకే పని చేసే ఏర్పాటుని హెటెరోజీనియస్ కంప్యూటింగ్ అంటారు. పేరు పెద్దదే గానీ వస్తువు మీ చేతిలోనే ఉంది. మీ ఫోన్ చిప్‌లో బరువైన పనికి పెద్ద కోర్లు, వాట్సాప్ మెసేజ్ లాంటి చిల్లర పనికి చిన్న కోర్లు ఉంటాయి. ఏఆర్ఎం కంపెనీ 2011లో బిగ్-లిటిల్ అని ఈ పద్ధతి ప్రకటించింది. వాటి పక్కన గేమ్స్‌కి జీపీయూ, కెమెరా ఫొటోని సరిచేసే ముక్క ఒకటి, ఏఐ పనులకి ఎన్‌పీయూ ఒకటి. ఒక చిన్న కల్లం మొత్తం వేలి గోరంత చిప్‌లో ఉందన్నమాట.

సరే, ఇప్పుడు కథ. 2007. ఎన్‌విడియా కంపెనీ కూడా (అప్పుడు అది గేమింగ్ కార్డుల కంపెనీయే) అప్పుడే కూడా... కాదు, క్యూడా అనే పద్ధతి బయటికి తెచ్చింది. గేమ్ బొమ్మలు గీయడానికి చేసిన కార్డు మీద మామూలు లెక్కలు కూడా చేసుకోవచ్చు అని దాని అర్థం. అదే ఏడాది హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ నుంచి పవన్ హరీష్, పి.జె.నారాయణన్ కలిసి ఒక పేపర్ రాశారు. నారాయణన్ గారు తర్వాత ఆ సంస్థకే డైరెక్టర్ అయ్యారు. పేపర్ విషయం, పెద్ద పెద్ద గ్రాఫులని గ్రాఫిక్స్ కార్డు మీద నడపడం.

గ్రాఫ్ అంటే మన ఎక్స్-వై గీతలు కాదండీ. చుక్కలు, వాటిని కలిపే గీతలు. ఇన్‌స్టాగ్రామ్‌లో మనుషులు చుక్కలు, ఫాలో అవడం గీత. మ్యాప్‌లో ఊళ్లు చుక్కలు, రోడ్లు గీతలు. "ఇక్కణ్ణించి అక్కడికి దగ్గర దారి ఏది" అన్న ప్రశ్న గ్రాఫ్ ప్రశ్నే. చుక్కలు కోటి ఉంటే? అప్పట్లో అలాంటివి నడపాలంటే ఖరీదైన పెద్ద కంప్యూటర్లు కావాలి, అవి కొద్దిమందికే అందేవి. వీళ్లు 600 డాలర్ల 8800 జీటీఎక్స్ కార్డు తీసుకుని, కోటి చుక్కల గ్రాఫ్‌లో ఒక చుక్క నుంచి మిగతా అన్నింటికీ దగ్గర దారులు 1.5 సెకన్లలో కట్టారు. గేమ్ ఆడుకునే కార్డు మీద!

నాకు ఆ అంకె కన్నా ఎక్కువ నచ్చింది ఆ పేపర్లో ఇంకో మాట. ఒంటరిగా పనిచేసే ప్రాసెసర్‌కి ఏది బెస్ట్ పద్ధతో, జీపీయూ మీద కొన్నిసార్లు అది బెస్ట్ కాదు అని చెప్పారు. ఎలాగంటే, చుక్క నుంచి చుక్కకి వెతుక్కుంటూ పోవడానికి పుస్తకాల్లో చెప్పే పద్ధతి క్యూ పెట్టడం. ఎవరి వంతు వస్తే వాళ్లని పిలిచి, వాళ్ల పక్కవాళ్లని క్యూలో చేర్చడం. ఎక్కడా వృథా లేదు. కానీ వేల మంది ఒకే క్యూ మీద పడితే తోపులాటే. అందుకని వీళ్లు క్యూ తీసేశారు. ప్రతి చుక్కకీ ఒక పనివాణ్ణి పెట్టారు. ప్రతి రౌండ్‌లో అందరూ ఒకేసారి "నా వంతు వచ్చిందా?" అని చూసుకుంటారు. రానివాళ్లు ఊరికే కూర్చుంటారు. చూడటానికి ఎంత దండగ! అయినా చాలా గ్రాఫుల మీద ఇదే తొందరగా అయిపోయింది.

అన్ని గ్రాఫుల మీదా కాదు. నడికుడి నుంచి మాచర్ల రైలు లైను తీసుకోండి. నడికుడి తర్వాత గురజాల, తర్వాత రెంటచింతల, తర్వాత మాచర్ల. ఒక స్టేషన్ దాటితే గానీ ఇంకోటి రాదు, కొమ్మలు లేవు. ఇక్కడ వెయ్యి మంది పనివాళ్లని పెడితే ప్రతి రౌండ్‌లో ఒక్కడికే పని, మిగతావాళ్లు ప్లాట్‌ఫామ్ మీద కబుర్లు. అమెరికా రోడ్ల మ్యాపుల మీద నడిపినప్పుడు వీళ్లకి అదే ఎదురైంది. రోడ్డు గ్రాఫ్‌లో ఒక్కో కూడలికి రెండు మూడు దార్లే ఉంటాయి, అందుకని జీపీయూకి పెద్దగా లాభం దక్కలేదు.

ఇన్‌స్టాగ్రామ్ గ్రాఫ్‌లో తలనొప్పి ఇంకో రకం. మీకు మూడొందల మంది ఫాలోవర్లు, సినిమా హీరోకి కోటి మంది. ఎన్‌విడియా జీపీయూలో పనివాళ్లు 32 మంది చొప్పున ముఠాగా కదులుతారు. అందరిదీ ఒకే అడుగు. 31 మందికి మీలాంటి చుక్కలు, ఒక్కడికి హీరో చుక్క వచ్చిందనుకోండి, ఆ ఒక్కడు కోటి లెక్క పెట్టేదాకా మిగతా 31 మందికి సెలవే. డేటా ఎక్కువగా ఉండే పనుల్లో ఈ హెచ్చుతగ్గులే అసలు శత్రువు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక గొడవ దగ్గరికొద్దాం. 2007 తర్వాత పేపర్ల మీద పేపర్లు. "మా పని జీపీయూ మీద 100 రెట్లు వేగం", "మాది ఇంకా ఎక్కువ". ఇంటెల్‌కి మండింది. సీపీయూలు అమ్మేది వాళ్లే కదా. 2010లో ఇంటెల్ పరిశోధకులు 14 రకాల పనులు తీసుకుని, రెండు వైపులా కోడ్‌ని బాగా సానబట్టి పోల్చారు. అటు ఎన్‌విడియా జీటీఎక్స్ 280, ఇటు ఇంటెల్ కోర్ ఐ7-960. సగటున తేడా 2.5 రెట్లే అని తేల్చారు. వంద రెట్లు అన్నది కట్టుకథ అని పేపర్ పేరులోనే పెట్టారు. ఎన్‌విడియా వాళ్లు ఊరుకున్నారా? ఒక పనిలో 14 రెట్లు వచ్చింది కదా, అది మీరే ఒప్పుకున్నారు కదా అని తిరిగి వేళాకోళం చేశారు. కంపెనీల మధ్య ఇలాంటివి చూడ్డానికి బలే ఉంటాయి.

వంద రెట్లు అని ఎలా అనగలిగారు మరి? ఒక కారణం, సీపీయూ వైపు కోడ్ అంత శ్రద్ధగా రాయలేదు. పందెంలో ఒక ఎద్దుకి దాణా పెట్టి, ఇంకోదాన్ని పస్తుంచినట్టు. రెండో కారణం ఇంకా ముఖ్యం. రవాణా లెక్క వేయకపోవడం.

ఏంటీ రవాణా? లాప్‌టాప్‌లో వేరేగా పెట్టిన గ్రాఫిక్స్ కార్డుకి తన సొంత మెమరీ ఉంటుంది. మీ డేటా ముందు మామూలు ర్యామ్‌లో ఉంటుంది. అక్కణ్ణించి కార్డులోకి వెళ్లాలి, లెక్క అయ్యాక జవాబు వెనక్కి రావాలి. ఆ దారి ఇరుకు. పైన చెప్పిన 8800 జీటీఎక్స్‌నే చూడండి. కార్డు లోపల మెమరీ వేగం సెకనుకి 86 గిగాబైట్ల పైమాటే. బయట ర్యామ్ నుంచి కార్డుకి వచ్చే దారి కాగితం మీదే సెకనుకి 4 గిగాబైట్లు. లోపల నాలుగు లైన్ల హైవే, బయట పొలం గట్టు. 2011లో వర్జీనియా యూనివర్సిటీ నుంచి క్రిస్ గ్రెగ్, కిమ్ హేజిల్‌వుడ్ ఇదే కొలిచారు. రవాణా కలిపితే, జీపీయూ లెక్కకి పట్టే టైముకి 2 నుంచి 50 రెట్లు దాకా పట్టొచ్చని చూపించారు. ఏరడానికి గంట, మోయడానికి రోజంతా అన్నట్టు.

ఇప్పుడు హైదరాబాద్ జవాబు. 2013 మార్చిలో ట్రిపుల్ ఐటీ నుంచి కిశోర్ కొత్తపల్లి, దీప్ శంకర్ బెనర్జీ, పి.జె.నారాయణన్, ఇంకా చాలామంది విద్యార్థులు కలిసి ఒక పేపర్ పెట్టారు. సీపీయూనా జీపీయూనా అని అడగడమే తప్పు అన్నారు. మీ మెషీన్‌లో రెండూ ఉన్నాయి, రెండిటికీ డబ్బు కట్టారు, రెండిటికీ కరెంటు కాలుతోంది. జీపీయూ పని చేస్తుంటే సీపీయూ చేతులు కట్టుకుని ఎందుకు కూర్చోవాలి? ఇద్దర్నీ కలిపి బాగా వాడటం ఎలా అన్నదే అడగాలి అన్నారు.

చిన్న లెక్క వేసి చూద్దాం. ఈ అంకెలు నేను వేసుకున్నవి, పేపర్లోవి కావు. 700 బస్తాల డేటా ఉంది. జీపీయూ నిమిషానికి 70 బస్తాలు చేస్తుంది, సీపీయూ 28. అంటే ఇంటెల్ చెప్పిన 2.5 రెట్ల తేడా. జీపీయూ ఒక్కటే చేస్తే 10 నిమిషాలు. సీపీయూ ఒక్కటే చేస్తే 25. ఇద్దరికీ సగం సగం పంచుదామా? జీపీయూ 350 బస్తాలు 5 నిమిషాల్లో ముగించి కూర్చుంటుంది. సీపీయూకి తన 350కి పన్నెండున్నర నిమిషాలు. మొత్తం పని పన్నెండున్నర నిమిషాలకి అయింది, జీపీయూని ఒంటరిగా వదిలేస్తే పదికే అయ్యేది. అంటే తప్పుగా పంచితే తోడు దొరికి కూడా నష్టమే. అదే జీపీయూకి 500, సీపీయూకి 200 ఇచ్చారనుకోండి, ఇద్దరూ దాదాపు 7 నిమిషాల 9 సెకన్లకి ఒకేసారి లేస్తారు. ఎవరూ ఎవరికోసం ఆగలేదు.

ఇప్పుడు ఇందులో రవాణా కలపండి. జీపీయూ దగ్గరికి బస్తాలు మోసే వేగం కూడా నిమిషానికి 70 అనుకుందాం. మోయడానికి 10, చేయడానికి 10, మొత్తం 20 నిమిషాలు. 25 నిమిషాల సీపీయూ ముందు ఇప్పుడు జీపీయూ గొప్ప ఏపాటి? రెండున్నర రెట్లు కాస్తా ఒకటింపావు రెట్లయింది. పంపకం కూడా మారాలి. జీపీయూకి 389, సీపీయూకి 311 ఇస్తే పదకొండు నిమిషాల చిల్లరలో అవుతుంది. ఇంకో కిటుకు ఉంది. మొత్తం మోసేదాకా ఆగకుండా, మొదటి లోడు దిగగానే ఏరడం మొదలుపెట్టి, ఆ లోపు రెండో లోడు తెప్పించుకోవడం. మోత, పని ఒకేసారి నడుస్తాయి. అప్పుడు జీపీయూ మళ్లీ దాదాపు తన పాత వేగానికి వస్తుంది. ప్రోగ్రామర్లు దీన్ని ఓవర్‌ల్యాప్ అంటారు. కల్లంలో ఎవరికీ ఈ పేరు తెలీదు గానీ అందరూ చేసేది ఇదే.

మరి ఇంత సులువైతే పరిశోధన ఎందుకు? ఎందుకంటే నిజం డేటాలో బస్తాలు సమానంగా ఉండవు. ఇందాకటి హీరో చుక్క గుర్తుందా? ఏ ముక్క ఎంత బరువో చేసి చూసేదాకా తెలీదు. తెలుసుకోవడానికి ఎక్కువ టైము పెడితే ఆ టైమే దండగ. అందుకని కొన్ని పనుల్లో హెచ్చుతగ్గులున్న ముక్కలు సీపీయూకి, ఒకే తీరుగా ఉన్నవి జీపీయూకి వేస్తారు. కొన్నింట్లో ఒక దశ ఇక్కడ, ఇంకో దశ అక్కడ. పనిని బట్టి పంపకం.

ట్రిపుల్ ఐటీ వాళ్లు ఇలా 13 రకాల పనుల మీద చేసి చూశారు. డేటాబేస్, ఇమేజ్ ప్రాసెసింగ్, ఎక్కువభాగం సున్నాలే ఉండే పెద్ద మాట్రిక్స్‌లు, గ్రాఫులు. ఒక మెషీన్ ఖరీదైనది. 6 కోర్ల ఇంటెల్ ఐ7-980ఎక్స్, దానికి తోడు ఎన్‌విడియా టెస్లా టీ10. రెండోది ఏంటో తెలుసా? ఇంటెల్ ఈ7400 అనే రెండు కోర్ల మామూలు ప్రాసెసర్, పక్కన జీటీ 520 కార్డు. అప్పట్లో ఇంట్లో డెస్క్‌టాప్‌లో ఉండే సరుకు. మన ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్లో కూడా అలాంటివే ఉండేవి. రెండు మెషీన్ల మీదా కలిపి చేయడమే మేలని తేలింది. సగటున 90 శాతం మేర వనరులు పనిలోనే ఉన్నాయి, ఊరికే కూర్చున్నది తక్కువ.

ఆ రెండో మెషీన్ ఎందుకు పెట్టారో ఆలోచించండి. పెద్ద ల్యాబుల్లోనే కాదు, మామూలు జనం వాడే మెషీన్ మీద కూడా ఇది పనిచేస్తుందని చూపించడానికి. నా దృష్టిలో ఆ పేపర్లో అన్నింటికన్నా విలువైన నిర్ణయం అదే.

ఇంతవరకు టైము గురించే మాట్లాడాం. ఫోన్ వాడేవాళ్లకి దానికన్నా ఎక్కువ అవసరం బ్యాటరీ. మే నెలలో రెంటచింతలలో బయట నిలబడి వీడియో తీస్తే ఫోన్ పెనంలా కాలుతుంది, కాసేపటికి కెమెరా ఆపేస్తుంది. ఎండ వేడి కొంత, లోపలి వేడి కొంత. లోపలి వేడి ఎక్కడిది? లెక్కలు చేసినందుకు అనుకుంటాం. 2018లో గూగుల్, కార్నెగీ మెలన్, మరికొన్ని చోట్ల పరిశోధకులు కలిసి క్రోమ్ బ్రౌజర్, ఫోన్‌లో నడిచే ఏఐ, వీడియో చూడటం, వీడియో తీయడం, ఈ పనులని కొలిచారు. సగటున మొత్తం కరెంటులో 62.7 శాతం డేటాని మెమరీకీ ప్రాసెసర్‌కీ మధ్య మోయడానికే పోతోంది. లెక్కకి మిగిలింది సగం కన్నా తక్కువ.

చిప్ లోపల ధరలు చూస్తే ఇది అర్థమవుతుంది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హొరోవిట్జ్ 2014లో చెప్పిన లెక్కల ప్రకారం, అప్పటి 45 నానోమీటర్ చిప్‌లలో రెండు దశాంశ సంఖ్యలు కూడటానికి ఒక పికోజౌల్ కూడా పట్టదు. ఆ సంఖ్యని బయటి ర్యామ్ నుంచి తేవాలంటే వందల పికోజౌళ్లు. పది రూపాయల సరుకుకి వేల రూపాయల బాడుగ లాంటిది. ఫోన్‌లో సీపీయూ, జీపీయూ ఒకే ర్యామ్‌ని పంచుకుంటాయి కాబట్టి లాప్‌టాప్ కార్డుకున్న ఇరుకు దారి బాధ లేదు. కానీ ర్యామ్ దాకా వెళ్లి రావడం తప్పదు.

అందుకే ఇప్పుడు పరిశోధన ఇంకో అడుగు వేసింది. డేటాని ప్రాసెసర్ దగ్గరికి మోసే బదులు, చిన్న ప్రాసెసర్‌ని తీసుకెళ్లి మెమరీ పక్కనే పెడితే? కల్లాన్ని ఊళ్లో కాకుండా చేలోనే వేసుకున్నట్టు. పైన చెప్పిన 2018 అధ్యయనంలోనే అలా చేస్తే ఆ పనుల్లో కరెంటు ఖర్చు దాదాపు సగానికి దిగుతుందని లెక్క కట్టారు. దీనికీ చిక్కులున్నాయి. మెమరీ చిప్‌లో చోటు తక్కువ, వేడి తట్టుకోవాలి, సాఫ్ట్‌వేర్ కొత్తగా రాయాలి. దాని మీద వేరే ఎపిసోడ్ చేద్దాం.

ఇప్పుడు మన లాప్‌టాప్ దగ్గరికి. మీ దగ్గర కార్డు లేని లాప్‌టాప్ ఉంటే కంగారు పడకండి. చాలావాటిలో ప్రాసెసర్‌లోనే చిన్న జీపీయూ కలిసి ఉంటుంది, ర్యామ్ కూడా ఉమ్మడిదే. నేర్చుకోవడానికి క్యూడా కావాలంటే గూగుల్ కోలాబ్‌లో కొంతసేపు ఉచితంగా జీపీయూ దొరుకుతుంది, ఫోన్ బ్రౌజర్‌లో కూడా తెరుచుకుంటుంది. టైము పరిమితి ఉంటుంది, కానీ మొదటి ఏడాది చదువుకి సరిపోతుంది. రోజూ పెద్ద మోడళ్లకి ట్రైనింగ్ ఇచ్చే పనో, గేమ్స్, వీడియో ఎడిటింగో చేస్తానంటే కార్డు కొనుక్కోండి, అందులో తప్పేం లేదు. మూడో ఏడాదిలో ప్రాజెక్టు ఏంటో తేలాక కొంటే అప్పటికి మీకేం కావాలో మీకే తెలుస్తుంది, నాన్నకి చెప్పడానికి లెక్క కూడా ఉంటుంది.

ఈ వారానికి ఒక పని. కోలాబ్‌లో పది లక్షల సంఖ్యల జాబితాలు రెండు తీసుకుని కూడండి. సీపీయూ మీద ఒకసారి, జీపీయూ మీద ఒకసారి. జీపీయూ టైముని రెండు రకాలుగా రాసుకోండి, కూడికకి మాత్రమే పట్టింది ఎంత, డేటా పంపి జవాబు వెనక్కి తెచ్చుకోవడం కలిపితే ఎంత. జీపీయూ పని పూర్తయ్యేదాకా ఆగి గడియారం చూడండి, లేకపోతే అది పని అందుకోగానే అయిపోయిందని చూపిస్తుంది. తర్వాత కూడిక తీసేసి, వెయ్యి వరసలు, వెయ్యి నిలువుల మాట్రిక్స్‌లు రెండు గుణించండి. అక్కడా సంఖ్యలు పది లక్షలే, మోసే బరువు అదే. మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లో ఎవరు గెలిచారో, ఎందుకో వచ్చే ఎపిసోడ్ మొదట్లో మాట్లాడుకుందాం. ఉంటానండి.